పదహారు కుర్చీలు, ఒక రంపం

మా ఇంటికి వచ్చినవాళ్లెవరూ వరండాలో ఉన్న నా పేము కుర్చీలో ఐదు నిమిషాలకి మించి కూర్చోలేరు. ఒకాయన ముందుకి జారిపోతున్నట్టుందంటాడు, ఇంకొకాయన నడుము పట్టేసిందంటాడు. మా ఆవిడైతే "దీన్ని అటకెక్కించెయ్యకూడదూ" అని పదేళ్లుగా పోరుతూనే ఉంది. నేను మాత్రం రిటైరైన మర్నాటి నుంచీ పొద్దున్న పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీ అన్నీ అందులోనే కానిస్తున్నాను.

అటవీ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. "సర్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటారు. చెప్పడానికేం, నాకు నోరు ఊరుకోదు. కాకపోతే మదమెక్కిన ఏనుగు కథో, క్రీక్‌లో మొసలి కథో వస్తుందని వాళ్ల ఆశ. నేను కుర్చీల కథ మొదలుపెడతాను. వాళ్ల మొహాలు వాడిపోతాయి. అయినా వదలను. మీరు కూడా అలాంటి ఉద్యోగంలో చేరి ఉంటే, కాస్త ఓపిక పట్టి వినండి.

నేను పుట్టింది అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి కలప మిల్లులో పనిచేసేవాడు, తీరిక వేళల్లో ఇంట్లో పేము బుట్టలు అల్లేవాడు. ఆ విద్య నాకూ కొంచెం అబ్బింది. నేను ఫారెస్టర్‌నయ్యాక ఎక్కువ కాలం ఉత్తరాన ఉన్న రంగత్ చుట్టుపక్కలే తిరిగాను. సునామీ వచ్చిన పొద్దున్న కూడా అక్కడే ఉన్నాను. జెట్టీ దగ్గర జనాన్ని మెరక మీదికి తరుముతూ పరుగెత్తుతుంటే పగిలిన సిమెంటు దిమ్మ మీద పడ్డాను. ఎడమ మోకాలు చితికింది. కట్టు కట్టించుకుని ఊరుకున్నాను గాని, ఆ తర్వాత అది పూర్తిగా మడత పడింది లేదు.

ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అడవి డ్యూటీ తీసేసి పోర్ట్ బ్లెయిర్‌లో ఫైళ్ల మధ్య కూర్చోబెడతారు. అక్కడ నాకు ఊపిరాడదు. కూర్చుంటే లేవడం కష్టం, వంగినా లేచినా మోకాలు టక్కుమని అరుస్తుంది. అందుకని ఎక్కడికి వెళ్లినా నిలబడే మాట్లాడేవాణ్ణి. "సాబ్ భలే హుషారు, క్షణం కూర్చోడు" అని పేరొచ్చింది. ఔనౌనని నేనూ ఒప్పేసుకున్నాను.

రంగత్ నుంచి లోపలికి, అడవి అంచున ఒక చిన్న ఊరు నేను గస్తీ తిరిగే బీట్‌లో ఉండేది. తాతల కాలంలో రాంచీ వైపు నుంచి కలప కొట్టే పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. సునామీ వాళ్ల ఇళ్ల జోలికి రాలేదు. క్రీక్ అనే సముద్రపు పాయ వెంట ఎగదన్నిన ఉప్పునీరు మాత్రం వరి మడులన్నీ ముంచేసి పోయింది. వాన వచ్చినప్పుడల్లా మడులు కడిగినా ఉప్పు వదల్లేదు. ఊళ్లో ఆడవాళ్లు ట్రంక్ రోడ్డు పనికి కంకర కొట్టడానికి వెళ్లేవారు. పొద్దున్నే లారీ ఎక్కితే చీకటి పడ్డాకే దిగేవారు, చేతులు బొబ్బలెక్కి, కళ్లలో దుమ్ముతో.

సునామీ తర్వాత మూడో ఏడు మా శాఖకి ఒక పథకం వచ్చింది. అటవీ గ్రామాల ఆర్థికాభివృద్ధికి సామర్థ్య నిర్మాణం! ఆ మాటకి అర్థం నాకూ తెలీదు, మా రేంజర్ గారికీ తెలీదు. ఆయన మలయాళీ, మంచివాడే గాని కోపిష్టి. ఒక షెడ్డు వేసి, బోర్డు పెట్టి, ఫోటో తీయిస్తే సామర్థ్యం నిర్మాణమైపోయినట్టే అని ఆయన లెక్క. షెడ్డు వేశాం. అందులో ఏం చెయ్యాలన్నది నా నెత్తిన పడింది. పేము దగ్గర్లోనే దొరుకుతుంది, పర్మిట్ మా చేతిలోనే ఉంది, పని నాకు వచ్చు. కుర్చీలు నేర్పిస్తానన్నాను.

ఆ ఊళ్లో అందరూ "దీదీ" అని పిలిచే ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి, బాగా పొట్టి, నా పక్కన నిలబడితే మోచేతి దాకా వచ్చేదేమో. ఆవిడ మాట మీదే పదకొండు మంది కంకర పని మానేసి షెడ్డులోకి వచ్చారు. ఇది చిన్న సంగతి కాదు. లారీ మేస్త్రీ ఒకసారి పేరు కొట్టేస్తే మళ్లీ పిలవడం కష్టం. కుర్చీల పని నడవకపోతే ఆ పన్నెండు ఇళ్లకీ రెండూ పోయినట్టే.

ఆవిడా నేనూ హిందీలోనే మాట్లాడుకునేవాళ్లం. మీకోసం తెలుగులో రాస్తున్నాను. మొదటి రోజే పేము కాల్చి వంచడం చూపిస్తుంటే ఆవిడ అడిగింది:

"సాబ్, ఈ కుర్చీ ఎవరికి?"

"లాడ్జికి దీదీ. పోర్ట్ బ్లెయిర్‌లో."

"లాడ్జిలో ఎవరికి?"

"ఎవరొస్తే వాళ్లకి!"

"వాళ్లు ఎంత పొడుగుంటారు?"

నాకు చిర్రెత్తింది. "అదంతా నీకెందుకు దీదీ? ఇదిగో టేపు. సీటు ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. కళ్లు మూసుకుని చెయ్యండి, అంతే" అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి, టేపులోకి ఒకసారి చూసి, పేము అందుకుంది. మిగతావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఆ నవ్వు దేనికో అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆ ఊళ్లో ఒక అలవాటు ఉంది. ఇళ్లలో కుర్చీలుండవు, మనిషికో చెక్క పీట ఉంటుంది. పిల్లలకి పిల్లల పీట, ఎదిగితే కొత్తది. పీట తయారవగానే దాని తాలూకు మనిషి కూర్చుని, రెండు మడమలూ నేలకి ఆనించి, "ఊ" అనాలి. ఆ "ఊ" పడేదాకా ఆ పీట పని కానట్టే. ఒకరి పీట మీద ఇంకొకరు కూర్చోరు. ఏళ్ల తరబడి ఆ ఊరికి తిరుగుతూ ఇంత సంగతి నాకు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? గుమ్మం బయట నిలబడి ఉపన్యాసం ఇచ్చేవాడికి లోపలి పీటలు కనిపిస్తాయా!

పని మాత్రం వాళ్ల చేతుల్లో అద్భుతంగా వచ్చింది. నా కంటే బాగా వచ్చింది, ఒప్పుకోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లో కొత్తగా లాడ్జి కడుతున్న ఒక తెలుగాయన్ని పట్టుకున్నాను. ఆయన తాత మా నాన్న వచ్చిన ఓడలోనే వచ్చాడట, ఆ చుట్టరికం వాడుకున్నాను. భోజనాల గదికి పదహారు కుర్చీలు కావాలన్నాడు. శనివారం పాస్టర్ గారు వచ్చి ప్రారంభ ప్రార్థన చేస్తారు, శుక్రవారానికల్లా కుర్చీలు అక్కడుండాలి. మా రేంజర్ గారు వేలు చూపించి మరీ చెప్పారు. "ఈ పదహారూ సరిగ్గా వెళ్తే షెడ్డు వాళ్లది. తేడా వచ్చిందా, సోమవారం ఖాళీ చేయించి సిమెంటు బస్తాలు పెట్టుకుంటా." దీదీ పక్కనే ఉండి విన్నది.

మంగళవారం నేనే టేపు పట్టుకుని పదహారూ కొలిచాను. అన్నీ పద్దెనిమిదే, ఒక్క గీత తేడా లేదు. సుద్దముక్కతో టిక్కులు పెట్టాను. బుధవారం రంగత్‌లో మీటింగుకి వెళ్లి గురువారం తెల్లవారి వచ్చేసరికి కుర్చీలు గోనెల్లో చుట్టి, కుట్లు కూడా వేసేసి సిద్ధంగా ఉన్నాయి.

"అప్పుడే కుట్టేశారేం దీదీ?"

"అంతా సరిచేశాం సాబ్. ఇంక చూసుకోనక్కర్లేదు."

"శభాష్!" అన్నాను. తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించడం ఒక్కటే తక్కువ.

దీదీని వెంటబెట్టుకుని ఫెర్రీ ఎక్కాను. పోర్ట్ బ్లెయిర్ రేవు ఫీనిక్స్ బేలో పోర్టర్లు కుర్చీలు దింపుతూ "బడే హల్కే హైఁ, భయ్యా" అని, ఎంత తేలిగ్గా ఉన్నాయోనని మెచ్చుకున్నారు. ఆ రాత్రి దీదీ ఎవరో చుట్టాలింట్లో పడుకుంది. శుక్రవారం పొద్దున్నే టెంపో మీద లాడ్జికి చేర్చాం. ఓనరు మహా సంబరంగా గోనెలు విప్పించి, గోడ పక్కన వరసగా పెట్టించాడు. పెట్టించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఏటి భయ్యా ఇది? కుర్చీలేనా, మెట్లా?"

నేనూ చూశాను. నిజమే. ఒకటి ఎత్తు, దాని పక్కది రెండంగుళాలు పొట్టి, ఆ పక్కది ఇంకా పొట్టి. చివరిది మరీ చిన్నపిల్లల బడి కుర్చీలా ఉంది. వంగి కాళ్లు చూశాను. చివర్లు రంపంతో శుభ్రంగా కోసి, సన్న పేము మళ్లీ అంత అందంగానూ చుట్టేశారు. కోశారని చెబితే తప్ప తెలియదు. నా టిక్కులు మాత్రం సీటు కింద అలాగే ఉన్నాయి, నన్ను వెక్కిరిస్తూ.

"దీదీ!" అని అరిచాను. గది దద్దరిల్లింది. "ఎవరు కోశారు ఇవి?"

ఆవిడ ఏమాత్రం బెదరలేదు. "మేమే సాబ్. మీరు కొలత ఎక్కువ చెప్పారు. ఎవరు చేసిన కుర్చీలో వాళ్లు కూర్చుని చూశాం. ఒక్కర్తికి తప్ప ఎవరికీ మడమ ఆనలేదు. అడుగుదామంటే మీరు మీటింగుకి వెళ్లిపోయారు. పాపం సాబ్ పెద్దవాళ్ల ముందు మాట పడతారని, కూర్చుని మేమే సరిచేశాం."

నన్ను కాపాడ్డానికట! అప్పుడే పీటల సంగతి, "ఊ" సంగతి ఆవిడ నోటి వెంట మొదటిసారి విన్నాను.

ఓనరుకి ఇవేమీ పట్టలేదు. ఆయన కంగారు ఆయనది. "రేపు పాస్టర్ గారొస్తారు, సంఘమంతా వస్తాది. టేబుళ్లన్నీ ఒకే ఎత్తు, కుర్చీలు తలోరకం! నవ్విపోరా? నాకొద్దు భయ్యా. తీస్కెళ్లిపోండి. బజార్లో ప్లాస్టిక్‌వి తెచ్చుకుంటాను."

దీదీకి తెలుగు రాదు. కానీ కొన్ని మాటలకి భాష అక్కర్లేదు. ఆవిడ మొహం పాలిపోయింది. ఆ కుర్చీల వంకే చూస్తూ అంది:

"సాబ్, రేంజర్ సాబ్‌కి కోసింది నేనే అని చెప్పండి. మిగతావాళ్లకి రంపం ఇచ్చింది నేనే. వాళ్ల పేర్లు, మీ పేరు ఇందులోకి రావద్దు. మేస్త్రీ కాళ్లు పట్టుకునైనా వాళ్లని మళ్లీ లారీ ఎక్కిస్తాను."

పన్నెండు ఇళ్లు నా టేపుని నమ్ముకున్నాయి. వాళ్ల అలవాటేమిటో నేను ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆవిడ అడిగితే "నీకెందుకు" అన్నాను. నా జన్మలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. ఓనరుని బతిమాలాను, వచ్చే నెల వేరేవి పంపిస్తానన్నాను, మా నాన్న ఓడని కూడా మధ్యలోకి లాగాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

ఈ రభసలో ఆయన తల్లి లోపల్నుంచి వచ్చింది. డెబ్బై దాటిన ముసలమ్మ, పిట్టంత మనిషి. చేతిలో బైబిలు, ముక్కు మీద కళ్లద్దాలు. మేం అరుచుకుంటుంటే నిలబడలేక, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది. అది వరసలో అన్నిటికన్నా పొట్టిది, దీదీ చేసింది. కూర్చున్న మనిషి ఒక్కసారి కిందికి, తన పాదాల వంక చూసుకుంది. మడమలతో నేలని రెండుసార్లు తట్టింది.

"ఒరే, గొడవాపరా!"

ఓనరు ఆగాడు.

"నా కాళ్లు నేలకి ఆనినాయిరా బాబూ! ముప్పయ్యేళ్ల బట్టి చర్చిలో కాళ్లు వేలాడేసుకునే కూకుంటన్నాను. పాస్టరు గారి వాక్యం సగమయ్యేతలికి తిమ్మిరెక్కిపోతాది. మిగతా సగం కాళ్లు పిసుక్కోడానికే సరిపోతాది. ఇలాటి కుర్చీ ఎవులు సేసినారు?"

నేను దీదీని చూపించాను. ముసలమ్మ లేచి ఆవిడ పక్కన నిలబడి, అరచెయ్యి తన తల మీంచి ఆవిడ తల మీదికి జరిపి చూసింది. సరిగ్గా సమానం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఒకరి భాష ఒకరికి రాదు మరి.

"అమ్మా, నువ్వొక్కదానివి కూకుంటే అయిపోతాదా?" అని కొడుకు సణిగాడు.

"నువ్వూ కూకోరా. నీ పొట్టకి పనికొచ్చేదీ ఉండుంటాది. ఎతుకు!"

తల్లి మాట కాదనలేక ఆయన ఒక్కొక్కటే కూర్చుని చూడ్డం మొదలుపెట్టాడు. మూడింటిలో మోకాళ్లు గడ్డానికి తగిలాయి. నాలుగోదాంట్లో కూర్చుని లేవలేదు. అది ఆ ఊరి పొడుగు మనిషి చేసింది, రంపం తగలని ఒకే ఒక్కటి. వంటాయన వచ్చి తన కుర్చీ వెతుక్కున్నాడు. టెంపో డ్రైవరు "ఏక్ మినట్, భయ్యా" అంటూ దూరి తనది వెతుక్కున్నాడు. తప్పు కూర్చున్నవాణ్ణి మిగతావాళ్లు ఎగతాళి చేశారు. గది గదంతా నవ్వులు. కాసేపటికి ఓనరు చెమట తుడుచుకుని, "సరేలెండి, ఉంచండి. రేపు ఎవరిది వాళ్లు ఎతుక్కుంటారు. కానీ భయ్యా, తరవాతి పదహారూ మాత్రం ఒకే ఎత్తు!" అన్నాడు.

దీదీకి ఆ ముక్క హిందీలో చెప్పాను. గోడకి ఆనుకుని, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, "తరవాతి పదహారా సాబ్?" అని రెండుసార్లు అడిగింది.

శనివారం ప్రార్థన అయ్యాక ఆ ముసలమ్మ తన కుర్చీని వంటాయన చేత మోయించుకుని చర్చికి తీసుకెళ్లిందట. ఇంకేముంది! పోర్ట్ బ్లెయిర్‌లో కాళ్లు వేలాడే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది. మడమ నుంచి మోకాలి దాకా దారం కొలిచి, ముడివేసి, పేరు కట్టి ఫెర్రీలో పంపేవారు. కొన్నాళ్లకి ఫెరార్గంజ్ నుంచి కూడా దారాలు వచ్చాయి. షెడ్డులో ఒక వాసానికి అవన్నీ వేలాడుతుండేవి. లాడ్జీలకి ఒకే ఎత్తువి, మనుషులకి దారం ఎత్తువి. దీదీ రెండూ వేరువేరుగా చేయించేది. రేంజర్ గారు సిమెంటు బస్తాలు తన వరండాలోనే పెట్టుకుని, షెడ్డు ముందు మాత్రం ఫోటో దిగారు.

నాలో వచ్చిన మార్పు ఒక్కటే. ఆ తర్వాత ఊరికి వెళ్లినప్పుడు నిలబడ్డం మానేశాను. దీదీ ఇంటి గడప మీద కూర్చుని, ఎడమ కాలు వాకిట్లోకి చాపుకుని, వాళ్లు చెప్పేది వినేవాణ్ణి. లేచేటప్పుడు మోకాలు టక్కుమంటే దగ్గు వచ్చినట్టు నటించేవాణ్ణి. అలా ఏడేళ్లు గడిచాయి.

రిటైరయ్యే రోజు రంగత్ ఆఫీసులో చిన్న మీటింగు పెట్టారు. దండలు, సమోసాలు, నా మీద నాకే తెలియని పొగడ్తలు. అప్పటికి బదిలీ మీద వెళ్లిపోయిన మా పాత రేంజర్ గారు కూడా పనిగట్టుకుని వచ్చారు. అందరి మధ్యలోంచి ఆ పన్నెండు మందీ ఒక గోనె మూట మోసుకొచ్చి నా ముందు దింపారు. విప్పితే కుర్చీ. చూడ్డానికి వంకరగా ఉంది. సీటు ఎడమ సగం ముందుకి వాలి ఉంది, కుడి సగం సమంగా ఉంది.

"నా దారం మీకు ఎవరిచ్చారు దీదీ? నేను పంపలేదే!" అన్నాను హాస్యంగా.

"మీకు ఒక దారం చాలదు సాబ్" అంది ఆవిడ. "కుడి కాలుది ఒకటి, ఎడమ కాలుది ఒకటి. సునామీ ఏడు నుంచీ చూస్తున్నాం. మీరు చెప్పుకోలేదు, మేమూ అడగలేదు."

పాత రేంజర్ గారు నా మోకాలి వంక, నా మొహం వంక మార్చి మార్చి చూశారు. "పదేళ్లు నన్ను మోసం చేశావా, బద్మాష్!" అని గట్టిగా నవ్వి, నా భుజం మీద ఒక్కటేశారు. నాకు కళ్లు మసకలయ్యాయి.

పన్నెండు మందీ నా పాదాల వంకే చూస్తూ నిలబడ్డారు. ఇంకా పని అవలేదు కదా మరి. నెమ్మదిగా కూర్చున్నాను. ఎడమ మోకాలు టక్కుమనలేదు. రెండు మడమలూ నేలకి ఆనాయి.

"ఊ" అన్నాను.